క్లిప్పులు ఏ వయసులో? పళ్ల వరుస వెనక ఉన్న అసలు లెక్క

క్లుప్తంగా: వంకర పళ్లను సరిచేయడానికి గరిష్ఠ వయసు అంటూ లేదు. దవడ ఎముక పెరుగుదలను మలచడానికి మాత్రం గడువు ఉంది. ఎదిగే వయసు దాటితే అది పోతుంది. పెద్దవారిలో చికిత్స సాధ్యమా కాదా అన్నది చిగుళ్ల ఆరోగ్యం తేలుస్తుంది. ఏ రకం క్లిప్పు అన్న ప్రశ్నకు ఇళ్లలో దొరుకుతున్న ప్రాధాన్యం సరైన పరీక్షకు, శుభ్రతకు, చివర్లో పళ్లు మళ్లీ జరగకుండా పెట్టుకునే రిటైనర్‌కు దొరకడం లేదు. ఫలితం నిలబడేది వాటి మీదే.

విశాఖపట్నంలో ద్వారకానగర్, సిరిపురం మొదలుకొని మధురవాడ దాకా పంటి ఆసుపత్రుల బోర్డులకు కొదవ లేదు. తీగలు లేని క్లిప్పులు, ఎవరికీ కనిపించని క్లిప్పులు అనే ప్రచారం ఫోనుల్లోకి కూడా వచ్చేసింది. దానితో పాటే అయోమయమూ వచ్చింది. ఎనిమిదేళ్ల పాపకు ఇప్పుడే వేయించాలా, పన్నెండేళ్లు వచ్చేదాకా ఆగాలా? పెళ్లి సంబంధాలు చూస్తున్న 26 ఏళ్ల అమ్మాయికి సమయం మించిపోయిందా? యాభై దాటాక ముందు పళ్ల మధ్య సందులు పడుతున్న తండ్రికి ఆ ఆలోచనే అనవసరమా? ఒకే ఇంట్లో ఈ మూడు ప్రశ్నలూ ఉండవచ్చు. మూడింటికీ జవాబు ఒకటి కాదు. కారణం తెలియాలంటే పన్ను ఎముకలో ఎలా కదులుతుందో ముందు చూడాలి.

ఎముక కరుగుతూ, కట్టుకుంటూ

పన్ను దవడలో గోడకు దిగిన మేకులా బిగిసి ఉండదు. వేరుకూ ఎముకకూ మధ్య సుమారు 0.2 మిల్లీమీటర్ల మందంలో మెత్తని పీచు పొర ఉంటుంది. నమిలేటప్పుడు పడే ఒత్తిడిని మోసేది అదే. క్లిప్పు తీగ పన్నును ఒక పక్కకు నెట్టినప్పుడు ఆ పక్క పొర నలుగుతుంది, అవతలి పక్క సాగుతుంది. నలిగిన చోట ఎముకను కరిగించే కణాలు పనిలోకి దిగుతాయి. సాగిన చోట ఎముకను కట్టే కణాలు చేరతాయి. ముందు ఎముక కరిగి దారి ఇస్తుంటే వెనక కొత్త ఎముక పూడుతూ వస్తుంది. అలా పన్ను తన గూటితో సహా జరుగుతుంది.

దీనికి తనదైన వేగం ఉంది. సాధారణంగా నెలకు ఒక మిల్లీమీటరు, అటూ ఇటూగా. తీగను గట్టిగా బిగిస్తే పని త్వరగా అవుతుందని చాలామంది అనుకుంటారు. జరిగేది దానికి విరుద్ధం. ఒత్తిడి మితిమీరితే ఆ పొరలోని సన్నని రక్తనాళాలు మూసుకుపోయి అక్కడి కణాలు చనిపోతాయి. ఆ మృతభాగాన్ని శరీరం తొలగించుకునేదాకా పన్ను కదలదు. నొప్పి ఎక్కువై కదలిక తగ్గుతుంది, పైగా వేరు కొస అరిగే ప్రమాదం పెరుగుతుంది. కాబట్టి ‘ఆరు నెలల్లో పూర్తి’ అనే హామీని జాగ్రత్తగా వినాలి. ముందు పళ్లు కాస్త తిరిగి ఉన్న తేలిక సమస్యకు ఆ గడువు సరిపోవచ్చు. ఎత్తు పళ్లను లోపలికి తీసుకురావాలన్నా, కాటు, అంటే పై పళ్లు, కింది పళ్లు కలిసే తీరు, మొత్తం సరిచేయాలన్నా ఏడాదిన్నర నుంచి రెండేళ్లు పట్టడం మామూలు.

ఎముక కరగడం, మళ్లీ కట్టుకోవడం ప్రాణం ఉన్నంతకాలం సాగే పని. పెద్దవారిలో అది మొదలు కావడానికి కాస్త ఎక్కువ సమయం పట్టవచ్చు, అంతే. వయసు అడ్డు కాదనడానికి ఆధారం ఇదే.

ఏడేళ్లకు చూపించడం వేరు, వేయించడం వేరు

అమెరికా ఆర్థోడాంటిస్టుల (పళ్ల వరుస సరిచేసే నిపుణుల) సంఘం పిల్లలను ఏడేళ్లు వచ్చేసరికి ఒకసారి చూపించమని సూచిస్తుంది. ఆరేళ్ల ప్రాంతంలో మొదటి శాశ్వత దవడ పళ్లు వస్తాయి, ముందు పళ్లు మారడం మొదలవుతుంది. పై దవడ, కింది దవడ ఎలా కలుస్తున్నాయో అప్పటికి తెలుస్తుంది. అలాగని చూపించిన ప్రతి బిడ్డకూ క్లిప్పులు పడవు. చాలామంది పిల్లల విషయంలో సరైన సలహా ‘ఏడాది ఆగి మళ్లీ తీసుకురండి’ అన్నదే. డబ్బు తీసుకోకుండా ఆగమని చెప్పే డాక్టరు మాటకు విలువ ఎక్కువ.

ఆగకూడని సందర్భాలు కొన్ని ఉన్నాయి. పై దవడ ఇరుకై కాటు ఒక పక్కకు ఒరుగుతుంటే అది మొదటిది. అంగిలి మధ్యలో పై దవడ రెండు సగాలను కలిపే అతుకు బాల్యంలో ఇంకా గట్టిపడదు. చిన్న స్క్రూ అమర్చిన పరికరాన్ని డాక్టరు చెప్పిన లెక్కన కొద్దికొద్దిగా తిప్పుతూ పోతే అంగిలి వెడల్పవుతుంది. యౌవనంలో ఆ అతుకు బిగుసుకుంటుంది. పదేళ్ల పిల్లవాడికి కొద్ది వారాల్లో అయ్యే పనికి పాతికేళ్ల మనిషికి ఎముకలో సన్నని మరలు బిగించడమో, శస్త్రచికిత్సో అవసరం కావచ్చు. కింది పళ్లు పై పళ్లకన్నా ముందుకు వచ్చి మూసుకునే పిల్లలది రెండో సందర్భం. పై దవడను ముందుకు లాగే ముఖపు పట్టీ పదేళ్ల లోపు వాడితేనే బాగా పనిచేస్తుంది.

ఎత్తు పళ్ల సంగతి వేరు. తొమ్మిదేళ్లకే మొదలుపెట్టి రెండు దశల్లో చేయాలా, పన్నెండు దాటాక ఒకేసారి చేయాలా అన్న వాదన దశాబ్దాల పాటు సాగింది. అమెరికాలోని ఫ్లోరిడా, నార్త్ కరోలినాలతో పాటు బ్రిటన్‌లోనూ పిల్లలను జట్లుగా విడదీసి జరిపిన పరిశోధనలు దాదాపు ఒకే మాట చెప్పాయి. ఎదిగాక చూస్తే రెండు జట్ల పళ్ల వరుసలో, దవడ తీరులో చెప్పుకోదగ్గ తేడా లేదు. ముందుగా చేయించడం వల్ల స్పష్టంగా కనిపించిన లాభం ఒకటి: ముందుకు పొడుచుకొచ్చిన పళ్లు దెబ్బ తగిలి విరగడం తగ్గింది. పెదవులు మూసుకోనంత ఎత్తు పళ్లున్న పిల్లకు, బడిలో వెక్కిరింపులకు నోరు విప్పడమే మానేసిన పిల్లకు ముందే మొదలుపెట్టడంలో న్యాయం ఉంది. మిగతావారు ఆగితే నష్టం లేదు. రెండు దశలంటే రెండు ఖర్చులు, పిల్లల ఓపికకు రెండు పరీక్షలు.

ఏడు నుంచి పదకొండేళ్ల మధ్య పై ముందు పళ్లు విచ్చుకుని నడుమ సందు పడితే తల్లిదండ్రులు కంగారుపడతారు. చాలామందిలో కోర పళ్లు దిగగానే ఆ సందు దానంతట అదే మూసుకుంటుంది. అసలు కంగారు పడవలసింది ఆ కోర పళ్ల గురించే. పై కోర పళ్లు 11, 12 ఏళ్లకు వస్తాయి. పదేళ్లకు చిగురు మీద వేలితో తడిమితే వాటి ఉబ్బు తగలాలి. తగలకపోతే ఎక్స్‌రే తీయాలి. అంగిలి వైపు దారి తప్పుతున్న కోర పన్నును, ఇంకా ఊడని పాల కోరను సకాలంలో తీసి చాలాసార్లు దారికి తేవచ్చు. ఆలస్యమైతే చిగురు కోసి, పన్నుకు సన్నని గొలుసు అతికించి నెలల తరబడి లాగవలసి వస్తుంది. ఈలోగా అది పక్క పన్ను వేరును తినేయవచ్చు.

పాల పళ్లు ఎలాగూ ఊడిపోయేవే కదా అని పిప్పి పట్టినా వదిలేయడం మన ఇళ్లలో ఇంకా ఉంది. పాల దవడ పన్ను గడువుకు ముందే పోతే వెనకనున్న శాశ్వత పన్ను ముందుకు జరిగి, రావలసిన పన్ను చోటును ఆక్రమిస్తుంది. ఖాళీని కాపాడే చిన్న తీగ చుట్టు వేయిస్తే ఆ ఇరుకు చాలావరకు తప్పుతుంది. నాలుగేళ్లు దాటినా వదలని వేలు చప్పరింపు, ఎప్పుడూ నోటితో ఊపిరి తీసే అలవాటు కూడా దవడ తీరును మారుస్తాయి. రెండోదానికి ముందు ముక్కు, గొంతు డాక్టరును కలవాలి.

పదో తరగతికీ ఇంటర్‌కూ మధ్య

పళ్లన్నీ మారి, శరీరం ఒక్కసారిగా పొడవు పెరిగే కాలం క్లిప్పులకు అన్ని విధాలా అనువైనది. ఆడపిల్లల్లో అది మగపిల్లల కంటే సుమారు రెండేళ్లు ముందే వస్తుంది. కింది దవడ వెనకబడ్డ పిల్లలకు వేసే ట్విన్ బ్లాక్ వంటి పరికరాలు ఆ ఎదుగుదల ఊపును వాడుకుంటాయి. ఎదుగుదల ఆగాక వాటివల్ల దవడకు ఒరిగేది ఉండదు.

తెలుగు కుటుంబాల్లో ఈ కాలం చదువుల ఒత్తిడితో ఢీకొంటుంది. తొమ్మిదిలోనో పదిలోనో క్లిప్పులు వేయించిన పిల్లలను ఇంటర్‌కు హాస్టల్ కాలేజీలో చేరుస్తారు. నాలుగు నుంచి ఆరు వారాలకోసారి జరగవలసిన పరీక్ష సెలవులకోసారి జరుగుతుంది. ఊడిన బ్రాకెట్ (తీగను పట్టి ఉంచడానికి పంటికి అతికించే చిన్న బిళ్ల) నెలల తరబడి అలాగే ఉంటుంది, పళ్లు అనుకోని దిశకు జరుగుతాయి, శుభ్రత తప్పుతుంది. రెండేళ్ల చికిత్స నాలుగేళ్లకు సాగడానికి తరచుగా కారణం ఇదే. ఏడు, ఎనిమిది తరగతుల్లో మొదలుపెట్టడం మేలు. అది కుదరకపోతే, దవడ సమస్య లేని పిల్లల విషయంలో ఇంటర్ అయ్యాక మొదలుపెట్టినా పళ్ల వరుసకు లోటు రాదు.

విశాఖకు ప్రత్యేకమైన చిక్కు మరొకటి ఉంది. తూర్పు నౌకాదళ ప్రధాన కేంద్రం ఉన్న ఈ నగరంలో బదిలీల మీద వచ్చిపోయే కుటుంబాలు ఎక్కువ. చదువు పూర్తికాగానే హైదరాబాదుకో బెంగళూరుకో వెళ్లే యువత సంగతి సరేసరి. సగంలో డాక్టరు మారితే కొత్తవారు తమ పద్ధతిలో బ్రాకెట్లు మళ్లీ వేయవచ్చు, కాలమూ ఖర్చూ పెరుగుతాయి. బదిలీ అవకాశం ఉందని మొదటి రోజే చెప్పాలి. దశలవారీగా ఫీజు కట్టే ఏర్పాటు చేసుకోవాలి. మొదటి ఎక్స్‌రేలు, ఫొటోలు, పళ్ల అచ్చులు, చికిత్స ప్రణాళిక నకళ్లు దగ్గర ఉంచుకోవాలి.

పెద్దవారిలో ముందు చిగుళ్లు

యాభై దాటిన తండ్రి ప్రశ్నకు జవాబు ఇక్కడ ఉంది. నిన్నటిదాకా దగ్గరగా ఉన్న ముందు పళ్లు విచ్చుకుంటున్నాయంటే అది తరచుగా చిగుళ్ల జబ్బుకు గుర్తు. గార పేరుకుని, చిగురు వాచి, లోపల ఎముక కరిగిపోతుంటే పన్నుకు పట్టు తగ్గి మామూలు ఒత్తిడికే జరుగుతుంది. ఆ స్థితిలో నేరుగా క్లిప్పులు వేస్తే మిగిలిన ఎముక ఇంకా వేగంగా పోతుంది. ముందు గార తీయించి, చిగుళ్ల లోతులు కొలిపించి, జబ్బు కొన్ని నెలల పాటు అదుపులో ఉందని తేలాకే పళ్లను కదపాలి. ఆ క్రమం పాటిస్తే అరవై ఏళ్లవారికీ తేలికపాటి ఒత్తిడితో పళ్లు దగ్గర చేయవచ్చు.

మధుమేహం అదుపు తప్పి ఉంటే చిగుళ్లు మానవు. అంచేత చక్కెర పరీక్ష కూడా పంటి చికిత్సలో భాగమే. పొగాకు మరీ ప్రమాదం: చిగుళ్లకు రక్తప్రసారం తగ్గి, నెత్తురు కారడమనే హెచ్చరిక కూడా కనబడదు. ఉత్తరాంధ్ర తీరగ్రామాల్లో పెద్దవయసు ఆడవారిలో కనిపించే అడ్డపొగ, అంటే చుట్ట కాలే కొసను నోట్లో పెట్టుకునే అలవాటు, అంగిలి క్యాన్సర్‌కు దారితీస్తుందని వైద్యశాస్త్రం ఎప్పుడో నమోదు చేసింది. అలాంటివారు పంటి డాక్టరు దగ్గరకు దేనికి వచ్చినా మొదట చూడవలసింది అంగిలినే. ఎముకలు గుల్లబారకుండా వాడే బిస్ఫాస్ఫొనేట్ మందులు ఎముక కరగడాన్ని ఆపుతాయి, కాబట్టి పళ్ల కదలికనూ నెమ్మదింపజేస్తాయి. నెలసరి ఆగిన స్త్రీలు ఆ మందుల పేర్లు తప్పక చెప్పాలి.

ఎప్పుడో తీయించుకున్న దవడ పన్ను చోటును ఖాళీగా వదిలేస్తే పక్క పన్ను ఆ ఖాళీలోకి ఒరుగుతుంది, ఎదుటి పన్ను ఆ ఖాళీ వైపు జారుతుంది. ఇంప్లాంట్, అంటే ఎముకలో బిగించే కృత్రిమ పన్ను, పెట్టించుకోవాలంటే అప్పటికి చోటు చాలదు. ఒరిగిన పన్నును కొన్ని నెలల్లో నిలబెట్టి తరువాత ఇంప్లాంట్ పెట్టడం పెద్దవారిలో క్లిప్పుల వల్ల కలిగే గట్టి ప్రయోజనాల్లో ఒకటి. అందం కోసమే అని ఈ చికిత్సను చిన్నచూపు చూసేవారు దీన్ని గమనించాలి.

ఇక 26 ఏళ్ల అమ్మాయి. చిగుళ్లు బాగుంటే పళ్లకు సంబంధించినంతవరకు ఆమెకు ఏ ఆటంకమూ లేదు. సమస్య దవడ ఎముకలో ఉంటే మాత్రం రెండు దారులు: పళ్లను సర్ది లోపాన్ని కొంత కప్పిపుచ్చడం, లేదా క్లిప్పులతో పాటు దవడ శస్త్రచికిత్స. ముహూర్తానికి ఆరు నెలల ముందు తీసుకునే నిర్ణయం కాదు ఇది.

తీగలా, అలైనర్లా?

ఇప్పుడు క్లిప్పులకు వాడే మెత్తని నికెల్–టైటానియం తీగ అమెరికా నౌకాదళ ఆయుధ ప్రయోగశాలలో పుట్టిన మిశ్రలోహం. 1970లలో పంటి వైద్యంలోకి వచ్చింది. ఎంత వంచినా తన ఆకారానికి తిరిగి వస్తూ, తక్కువ ఒత్తిడిని ఎక్కువకాలం ఇవ్వడం దాని గుణం. లోహపు బ్రాకెట్లు చేసే పనే పంటి రంగు సెరామిక్ బ్రాకెట్లూ చేస్తాయి. కాస్త పెళుసు, ఖర్చు ఎక్కువ.

పారదర్శక అలైనర్లు, అంటే పళ్ల మీద తొడుక్కునే ప్లాస్టిక్ తొడుగులు, 1997లో మొదలైన అలైన్ టెక్నాలజీ సంస్థతో ప్రాచుర్యంలోకి వచ్చాయి. దాని ముఖ్యమైన పేటెంట్ల గడువు 2017 నుంచి ముగుస్తూ రావడం, త్రీడీ ముద్రణ చవక కావడంతో ఎన్నో కంపెనీలు రంగంలోకి దిగాయి. ఇన్ని ప్రకటనలు కనిపించడానికి కారణం అదే. ఒక్కో అలైనర్ పన్నును పావు మిల్లీమీటరు వరకు జరుపుతుంది. తరువాత ఇంకొకటి మార్చాలి. కొద్దిపాటి ఇరుకుకు, సందులకు ఇవి బాగా పనిచేస్తాయి. గుండ్రని కోర పన్నును తిప్పడం, పన్నును కిందికి లాగడం, పళ్లు తీసిన ఖాళీలో వేరుతో సహా జరపడం వంటివి తీగతో చేసినంత నమ్మకంగా వీటితో కావు. తీసి తోముకోగలగడం వీటి పెద్ద సుగుణం. అదే సుగుణం బలహీనత కూడా: రోజుకు 20 నుంచి 22 గంటలు నోట్లో ఉంటేనే ఫలితం. టీ తాగాలన్నా తీయాలి. రోజుకు అయిదారు టీలు, నడుమ చిరుతిళ్లు అలవాటైనవారికి ఆ లెక్క తప్పడం ఖాయం. అలాంటివారికి తీగే మేలు.

డాక్టరు ముఖం చూడకుండా అలైనర్లు ఇంటికి పంపే వ్యాపారం ఎక్కడ తేలిందో అమెరికా చూసింది. 2014లో మొదలైన స్మైల్ డైరెక్ట్ క్లబ్ 2023 డిసెంబరులో మూతపడి, చికిత్స మధ్యలో ఉన్నవారిని వదిలేసింది. ఎక్స్‌రే తీయకుండా, చిగుళ్లు చూడకుండా పళ్లు కదపడం వైద్యం అనిపించుకోదు. బీడీఎస్ తరువాత మూడేళ్ల ఎండీఎస్ ఆర్థోడాంటిక్స్ చదివినవారే ఈ విభాగంలో నిపుణులు. చికిత్స ఎవరు చేస్తారో, ప్రతి నెలా ఎవరు చూస్తారో అడగడం రోగి హక్కు. ఖర్చు భారమైనవారికి గీతం, సంగివలస అనిల్ నీరుకొండ వంటి దంతవైద్య కళాశాలలు నగర పరిధిలో ఉన్నాయి. కళాశాలల్లో పీజీ విద్యార్థులు ఆచార్యుల పర్యవేక్షణలో చేస్తారు. ఫీజు సాధారణంగా తక్కువ, కూర్చునే సమయం ఎక్కువ. ఆరోగ్య బీమా పాలసీలు ఈ ఖర్చును చాలావరకు భరించవు.

పన్ను తీస్తే చూపు తగ్గుతుందా?

తగ్గదు. పై పళ్లకు వెళ్లే నరం వేరు, చూపునిచ్చే నరం వేరు. అయినా ఈ భయంతో చికిత్స మానుకునేవారు ఉన్నారు. పళ్లు తీయాలా వద్దా అన్నదానిపై వైద్యుల్లోనే పెద్ద వాదం నడిచింది. 1899లో కాటును మూడు తరగతులుగా విభజించిన ఎడ్వర్డ్ యాంగిల్ ఒక్క పన్నూ తీయకూడదన్నాడు. ఆయన శిష్యుడు చార్లెస్ ట్వీడ్ అలా చేసిన పళ్లు మళ్లీ చెడిపోవడం చూసి, కొందరికి తీసి మళ్లీ చికిత్స చేశాడు. నేటి అవగాహన మధ్యస్థంగా ఉంది: చోటు కాస్త తక్కువైతే తీయనక్కర లేదు, బాగా ఇరుకైనా, పెదవులు ముందుకు తోసుకొచ్చినా కోర పన్ను వెనకవి తీయడం సబబే. జ్ఞాన దంతాలు నెట్టడం వల్లే కింది ముందు పళ్లు వంకరపోతాయన్న నమ్మకానికి మాత్రం పరిశోధనల బలం లేదు.

తిండి, తోముడు

బ్రాకెట్ చుట్టూ పాచి నిలిస్తే నెల రోజుల్లోనే పంటి మీద తెల్ల మచ్చలు పడవచ్చు. క్లిప్పు తీశాక అవి అక్కడే ఉంటాయి. ఫ్లోరైడ్ పేస్టుతో తిన్న ప్రతిసారీ తోమడం, తీగ కిందికి దూరే సన్నని బ్రష్ వాడడం తప్పనిసరి. బీచ్ రోడ్డులో మొక్కజొన్న పొత్తును కొరికి తినడం, మురీ మిక్చర్‌లో వేరుశనగ పలుకులు, జంతికలు బ్రాకెట్లను ఊడగొడతాయి. భీమాళి మామిడి తాండ్ర, మాడుగుల హల్వా అంటుకుని వదలవు. గింజలు వలిచి, గట్టివి చిన్న ముక్కలు చేసి, తీపి తిన్నాక నోరు కడుక్కుంటే చాలావాటిని పూర్తిగా మానేయనక్కర లేదు.

క్లిప్పు తీసిన రోజు నుంచి

పళ్లు కదిలిన చోట ఎముక గట్టిపడడానికి నెలలు పడుతుంది. చిగురులోని సాగే పీచులు కొత్త స్థానానికి అలవాటు పడడానికి ఏడాది వరకు పడుతుంది. అప్పటిదాకా అవి పన్నును పాత చోటికి లాగుతూనే ఉంటాయి. దానికి తోడు, క్లిప్పులే వేయించుకోనివారిలో కూడా వయసుతో కింది ముందు పళ్లు కొద్దిగా ఇరుకవుతాయి. చికిత్స పూర్తయిన వందలాది మందిని పదేళ్లు, ఇరవై ఏళ్ల తరువాత పరిశీలించిన అమెరికాలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఎక్కువమందిలో వరుస మళ్లీ చెదిరిందని గమనించారు.

ఈ కారణంగా రిటైనర్‌ను మొదట్లో డాక్టరు చెప్పినన్ని గంటలు, ఆ తరువాత రాత్రుళ్లు ఏళ్ల తరబడి వాడమంటారు. పళ్ల వెనక అతికించే సన్నని తీగ మరో మార్గం. దాని చుట్టూ గార పడుతుంది కాబట్టి ఆరు నెలలకోసారి శుభ్రం చేయించాలి, ఒక చివర ఊడితే వెంటనే అతికించుకోవాలి. తీసిపెట్టుకునే ప్లాస్టిక్ రిటైనర్‌ను వేడినీళ్లతో కడిగినా, మే నెల ఎండలో కారులో వదిలేసినా వంకరపోతుంది. కొన్ని రోజులు మరచిపోయాక పెట్టుకుంటే బిగుతుగా అనిపించి, అయినా పూర్తిగా కూర్చుంటే వాడకం కొనసాగించవచ్చు. కూర్చోకపోతే బలవంతంగా నొక్కకుండా అదే వారంలో డాక్టరును కలవాలి. ఆ దశలో కొత్త రిటైనర్‌తో సరిపోతుంది. ఆరు నెలలు ఆలస్యమైతే మళ్లీ క్లిప్పులు వేయవలసి రావచ్చు. చికిత్స మొదట్లో ఫీజు మాట్లాడుకునేటప్పుడే రిటైనర్ ధర అందులో ఉందా, పోతే రెండోదానికి ఎంత అన్నది అడిగి కాగితం మీద రాయించుకోవాలి.